డెల్టాలో జాజ్ ప్లేట్లు: వెతకడం, కొనడం, కడగడం, వినడం

రాజమండ్రిలో ఒక పాతసామాన్ల కొట్టుకి వెళ్ళి "జాజ్ ప్లేట్లు ఏమైనా ఉన్నాయాండి?" అని అడిగాను. ఆయన లోపలికి వెళ్ళి, దుమ్ము తుడుచుకుంటూ రెండు పింగాణీ ప్లేట్లు తెచ్చాడు. "జాజో కాదో తెలీదండి, ఫారిన్ సరుకు మాత్రం నిజవండి" అన్నాడు. పదకొండేళ్ళ కిందటి మాట ఇది. అప్పట్నుంచి నేనెక్కడా జాజ్ అని అడగలేదు. "పాత ఇంగ్లీషు గ్రామఫోను రికార్డులు" అంటాను. అలా అడిగితేనే అటక మీంచి అట్టపెట్టె దిగుతుంది.

జాజ్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ దగ్గర పుట్టిన సంగీతం. ఈ పదకొండేళ్ళలో నా దగ్గర దాని పెద్ద ప్లేట్లు, అంటే ఎల్పీలు, 200 పైచిలుకు చేరాయి. దాచడమెందుకు, వాటిలో గోదావరి జిల్లాల్లో దొరికినవి ముప్పై దాటవు. మిగతావి కలకత్తా, బొంబాయిల నుంచి వచ్చాయి. కానీ నాకు పని నేర్పింది ఆ ముప్పైయే. ఇక్కడ దొరికే ప్లేటు ఇక్కడి తేమనీ, రోహిణీ కార్తె ఎండల్నీ, పెళ్ళి పందిళ్ళలో మైకుసెట్టు ముల్లునీ తట్టుకుని వచ్చి ఉంటుంది. దాన్ని పరీక్షించడం చేతనైతే ఏ ఊరి ప్లేటైనా పరీక్షించగలరు. మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పే మాట ఒకటే: అట్ట మీద పేరు చూసి మురిసిపోకండి, ప్లేటు మీద ముల్లు నడిచే గాడి చూసి డబ్బులివ్వండి.

ముందు రకాలు తెలుసుకోండి

పెట్టె తెరవగానే మూడు సైజులు కనిపిస్తాయి. బరువుగా, పెళుసుగా ఉండి కింద పడితే పెంకులా పగిలేవి 78లు. లక్కతో చేసినవి, నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట. 7 అంగుళాల చిన్నవి ఎక్కువగా 45 చుట్లవి. 12 అంగుళాల పెద్దవి ఎల్పీలు, 33⅓ చుట్లవి. వీటిని 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చింది. ఒక్కో వైపు 20 నిమిషాల దాకా వాయించవచ్చు.

జాజ్‌కి ఎల్పీ ఎందుకంత ముఖ్యమంటే, ఆ సంగీతంలో అసలు రుచి మనోధర్మంలో, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడంలో ఉంది. 78ల రోజుల్లో మన విద్వాంసులు కీర్తనని మూడు నిమిషాల్లోకి ఎలా కుదించుకున్నారో, శాక్సఫోను వాయించేవాళ్ళూ అలాగే కుదించుకున్నారు. ఎల్పీ వచ్చాక వాళ్ళకి తీరిగ్గా విస్తరించే చోటు దొరికింది. అందుకని ఎల్పీలతో మొదలుపెట్టండి. ముఖ్యంగా 1955 నుంచి 1965 మధ్య రికార్డు చేసినవి. ఆ పదేళ్ళలో తీసిన రికార్డుల్లో కళ్ళు మూసుకుని తీసినా మంచిది తగిలే అవకాశం ఎక్కువ. 78లు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వాటి గాడి వెడల్పు, ముల్లు వేరే కావాలి. ఎల్పీ ముల్లు అందులో పెడితే అడుక్కి జారి బరబరమంటుంది.

"మేడ్ ఇన్ ఇండియా" అని ఉంటే మొహం తిప్పుకునేవాళ్ళని చూశాను. నేను ఒప్పుకోను. గ్రామఫోన్ కంపెనీ కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో విదేశీ పాటలు కూడా అచ్చు వేసేది. శుభ్రంగా ఉన్న డమ్‌డమ్ ప్లేటు, గీతలు పడ్డ అమెరికా ప్లేటు కంటే వెయ్యి రెట్లు నయం. వెనకాల కాస్త సన్నని బుస వినిపించవచ్చు. గోదావరి గాలి వీచే ఇంట్లో అదేం పెద్ద చప్పుడు కాదు.

ఎక్కడ వెతకాలి

జాజ్ మన దేశంలో ముందు హోటళ్ళ సంగీతం. 1930లలోనే బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో అమెరికా నల్లజాతి బృందాలు వాయించాయి. పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ ఇక్కడే స్థిరపడి 1945లో కలకత్తాలోనే పోయాడు. తర్వాత అమెరికా జాజ్ పియానో విద్వాంసులు డేవ్ బ్రూబెక్ 1958లో, డ్యూక్ ఎలింగ్టన్ 1963లో వచ్చారు. 1978లో బొంబాయిలో జాజ్ యాత్ర ఉత్సవం మొదలైనప్పుడు సోనీ రోలిన్స్ శాక్సఫోను వాయించాడు. వినేవాళ్ళు ఆ నగరాల్లో ఉన్నారు కాబట్టి ప్లేట్లూ అక్కడే మిగిలాయి. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్, బొంబాయి చోర్ బజార్ ఇప్పటికీ వెతకదగ్గ చోట్లు. మనకి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి మీదుగానే పోతుంది కనుక కలకత్తా వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. బతిమాలండి. కాకపోతే వంద ప్లేట్లంటే పాతిక కిలోల బియ్యం బస్తా అని ముందే చెప్పండి. నేను చెప్పకుండా మా బావమరిదికి పురమాయించాను. ఆయన ఇప్పటికీ కలకత్తా పేరెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

ఇక మన దగ్గర. మొదట చూడాల్సింది పాత మైకుసెట్టు షాపులు. ఒకప్పుడు పెళ్ళికీ తిరణాలకీ సెట్టు అద్దెకిచ్చిన వాళ్ళ దగ్గర వందల ప్లేట్లుండేవి. నూటికి తొంభై సినిమా పాటలు, భక్తి పాటలు. ఆ మధ్యలో ఒకటో రెండో ఇంగ్లీషువి ఇరుక్కుని ఉంటాయి. రామచంద్రపురం వైపు ఒక పెద్దాయన నాకు అలాంటివి మూడు ఇస్తూ చెప్పిన మాట:

"ఇయ్యి పెళ్ళిళ్ళకి పనికిరావండి బాబూ. ఓపాలి ఏసేనండి. పెళ్ళికూతురి తాతగారొచ్చి, 'ఒరేయ్, ఆ బూరా ఆపరా, ఆడికి ఊపిరాడతన్నట్టు లేదు' అన్నారండి. ఆయ్. మళ్ళీ ముట్టుకోలేదండి."

ఒక్కసారే వేసిన ప్లేటు! అందరూ మెచ్చిన సినిమా ప్లేటు అరిగి బూడిద రంగుకి తిరిగి ఉంటే, ఎవరికీ నచ్చని ఈ జాజ్ ప్లేటు అద్దంలా మెరుస్తోంది. డెల్టాలో మనకున్న అదృష్టం ఇదే, ఇక్కడ జాజ్‌ని ఎవరూ విని పాడుచెయ్యలేదు.

రెండోది, ఖాళీ చేస్తున్న ఇళ్ళు. పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డాక అమలాపురం, పాలకొల్లు, భీమవరం పక్క పల్లెల్లో పాత లోగిళ్ళు అమ్ముడుపోతున్నాయి. కాకినాడలో ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో విదేశీ ప్లేట్లు నాకు రెండుసార్లు దొరికాయి. విశాఖ నుంచి బదిలీ మీద వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో ఒకసారి. యానాంలో ఫ్రెంచివాళ్ళు 1954 దాకా ఉన్నారు కదా, ఏమైనా వదిలి వెళ్ళారేమోనని మూడు దఫాలు తిరిగాను. కాజాలు కొనుక్కుని వెనక్కి వచ్చాను, అవి కూడా తాపేశ్వరంలో. పాతసామాన్లు కొనేవాళ్ళకి మీ ఫోన్ నంబరిచ్చి, తూకానికి వచ్చే ధర కంటే రెట్టింపు ఇస్తానని చెప్పి ఉంచండి. ఆ ఒక్క మాట నాకు నాలుగు పెట్టెలు తెచ్చిపెట్టింది.

మూడోది ఆన్‌లైన్. దాని సంగతి ధర దగ్గర చెబుతాను.

కొనేముందు చూడాల్సినవి

ఇక్కడ తొందరపడకండి. కొట్టువాడు టీ తాగమంటే తాగండి, ప్లేటు మాత్రం వెలుతురులోకి తీసుకెళ్ళండి.

మొదట అట్టలో ఉన్నది అట్ట మీద రాసినదేనా చూడండి. నవ్వకండి. నేను డ్యూక్ ఎలింగ్టన్ అట్ట కొని ఇంటికొచ్చి చూస్తే లోపల సుప్రభాతం ఉంది. రెండు ప్లేట్ల సెట్టయితే రెండూ ఉన్నాయో లేదో చూడాలి.

తర్వాత ప్లేటుని అంచుల దగ్గర రెండు అరచేతుల మధ్య పట్టుకోండి, గాడి మీద వేళ్ళు పడకుండా. ఎండకి ఏటవాలుగా వంచి మెల్లగా తిప్పండి. ట్యూబులైటు కింద అన్ని ప్లేట్లూ బాగానే కనిపిస్తాయి, ఎండలో ఏదీ దాగదు. సన్నని వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తే భయం లేదు, అవి అట్టలోంచి తీసి పెట్టేటప్పుడు పడేవి, చాలావరకు వినిపించవు. గీత మీద గోరు మెల్లగా అడ్డంగా జరపండి. గోటికి తగిలితే ముల్లుకీ తగులుతుంది, చుట్టుకొక్కసారి టక్కుమంటుంది. గాడి వెంబడే సాగిన గీత ఇంకా ప్రమాదం. ముల్లు ఒకే చోట చిక్కుకుని అరిగిపోయిన రికార్డు అనే సామెతని మీ ఇంట్లోనే వినిపిస్తుంది.

గీతల కంటే అరుగుదల పెద్ద శత్రువు. గీత కంటికి కనిపిస్తుంది, అరుగుదల మోసం చేస్తుంది. నల్లగా నిగనిగలాడాల్సిన చోట బూడిద చల్లినట్టు మందంగా ఉంటే, బరువైన ముల్లుతో ఎన్నోసార్లు వేశారని అర్థం. లేబులు మధ్య రంధ్రం చుట్టూ చూడండి. చీకట్లో తడుముకున్నట్టు సన్నటి గీతలు అటూ ఇటూ ఉంటే, ఆ ప్లేటుని సెట్టు మీద ఎన్నిసార్లు పెట్టారో అవే లెక్క చెబుతాయి. లేబులుకి దగ్గరగా ఉన్న ఆఖరి పాట దగ్గర గాడిని ఇంకాస్త శ్రద్ధగా చూడాలి. అక్కడ చుట్టు చిన్నది కాబట్టి అదే కాలంలో ముల్లు కింద జరిగే గాడి పొడవు తక్కువ, శబ్దమంతా ఇరుక్కుని ఉంటుంది. అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది. ట్రంపెట్ గట్టిగా పలికిన చోట గరగరలాడితే ఆ ప్లేటుకి కడగడం కూడా మందు కాదు.

వంకర చూడాలంటే ప్లేటుని కంటి ఎత్తున పడుకోబెట్టి అంచు వెంట చూడండి. పళ్ళెంలా మొత్తం కాస్త వంగితే చాలాసార్లు వాయించవచ్చు. ఒక్కచోట అప్పడంలా లేస్తే వదిలెయ్యండి. నేను ఒక మే నెల మధ్యాహ్నం ప్లేట్లు స్కూటరు డిక్కీలో పెట్టి భోజనానికి కూర్చున్నాను. అరగంట. లేచేసరికి అవి వడియాలకి కూడా పనికిరాలేదు.

బూజుని చూసి మాత్రం పారిపోకండి. డెల్టా ప్లేట్ల మీద తెల్లటి మచ్చలు మామూలు. వేలితో తుడిస్తే కొంచెమైనా పోయిందంటే కడిగితే పోతుంది. పోకుండా పొగచూరిన అద్దంలా మసకగా ఉంటే అది పాత ప్లాస్టిక్ కవరు అంటుకుని చేసిన పని, అది పోదు. ఒండ్రు సంగతి వేరు. 1986 ఆగస్టు గోదావరి వరదలో మునిగిన ఇంటి ప్లేట్లు నాకొకసారి వచ్చాయి. గాళ్ళలో బురద రాయిలా గట్టిపడిపోయి ఉంది. కడిగినకొద్దీ గీతలు పడ్డాయి.

సినిమా పాట కాస్త చిటపటలాడినా మనం సర్దుకుంటాం, తెలిసిన పాట కనుక మనసే పూరించుకుంటుంది. జాజ్‌లో అలా కుదరదు. డ్రమ్ము మీద కుంచెతో రాస్తున్నప్పుడు, బాస్ (మంద్రంగా పలికే పెద్ద తంత్రీవాద్యం) ఒక్కటే పలుకుతున్నప్పుడు ప్రతి చిటపటా పైకి వచ్చి కూర్చుంటుంది. అందుకే జాజ్‌కి పరీక్ష కఠినంగా ఉండాలి.

ఇంకో రెండు చిన్న విషయాలు. శబ్దమంతా ఒకే దారిలో వచ్చే పాత మోనో రికార్డింగుని రెండు స్పీకర్లకి విడగొట్టి "ఎలక్ట్రానిక్ స్టీరియో" అని 1960లలో చాలా అమ్మారు. బావిలోంచి వాయించినట్టుంటాయి. వదిలెయ్యండి, మోనోయే తీసుకోండి. రెండోది, లేబులు చుట్టూ పాట లేని నున్నటి చోట గీకిన అక్షరాలు చదవండి. అమెరికా ప్లేటు మీద "ఆర్‌వీజీ" అనో "వాన్ గెల్డర్" అనో ఇంగ్లీషులో ఉంటే రూడీ వాన్ గెల్డర్ అనే ఇంజినీరు చేతి పని. బ్లూ నోట్ కంపెనీ ప్లేట్లకి ఆ పేరు తెచ్చిన చెయ్యి అది. అది కనిపిస్తే బేరం కొంచెం తగ్గించి ఆడండి, మొహంలో ఏమీ కనిపించకుండా.

ధర

టీవీలో పాత నాణేల కార్యక్రమం చూసినవాళ్ళందరూ తమ దగ్గరున్నది నిధి అనుకుంటారు. వాదించకండి. పెట్టె మొత్తానికి ధర అడగండి, విడిగా అడిగితే మీరు ఏరుకున్నదానికే రేటు పెరుగుతుంది. పనికిరానివి సినిమా ప్లేట్లు సేకరించేవాళ్ళకి ఇచ్చేసి జాజ్‌తో మార్చుకోవచ్చు. మన పాత తెలుగు ప్లేట్లకి గిరాకీ బాగానే ఉంది. కొత్తగా అచ్చు వేసిన జాజ్ ఎల్పీ రెండు మూడు వేలకి వస్తున్నప్పుడు, పాతది ఎంత మెరిసినా దానికంటే ఎక్కువ పెట్టడానికి తగిన కారణం ఉండాలి. మొదటి అచ్చు అనే మోజు మొదటి రెండేళ్ళూ పెట్టుకోకండి. 1968లో శంకర్-జైకిషన్ చేసిన రాగా జాజ్ స్టైల్ అసలు ప్లేటుకి అడిగే ధరలు చూస్తే మీకే తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో రేటింగులిస్తారు. "గుడ్" అంటే మంచిదని కాదు, ఆ భాషలో గుడ్ అంటే దాదాపు చెత్త. "వీజీ ప్లస్" అంటే కొనదగ్గది. "నియర్ మింట్" అన్నవాణ్ణి ఎండలో తీసిన ఫోటో అడగండి. పంపడానికి ఒప్పుకోకపోతే అర్థమైపోయినట్టే. ప్లేటుని అట్ట లోపల కాకుండా అట్ట వెనక విడిగా పెట్టి, రెండు వైపులా దళసరి అట్టలు వేసి కట్టమనండి. లోపలే ఉంటే దారిలో కుదుపులకి అంచు అట్టని చీల్చుకుని బయటికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తెప్పించుకోకండి.

కడగడం

కొత్తగా వచ్చిన ఏ ప్లేటునీ కడక్కుండా ముల్లు కిందకి పంపకూడదు, ఎంత మెరిసినా సరే.

మన బోరు నీళ్ళు వద్దు. కోనసీమ వైపు ఉప్పు, పైన సున్నం. ఆరాక గాళ్ళలో తెల్లగా మిగిలిపోతాయి. ఇన్వర్టరు బ్యాటరీల్లో పోసే శుద్ధి చేసిన నీళ్ళు పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ కొట్లలో దొరుకుతాయి. యాసిడ్ డబ్బా కూడా పక్కనే ఉంటుంది, చూసి తీసుకోండి. లీటరు నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం మూడు చుక్కలు, అంతే. లేబులు తడవకుండా దానికి సరిపోయే ప్లాస్టిక్ మూత ఒకటి చేత్తో అదిమి పెట్టుకోండి. మెత్తటి మేకవెంట్రుకల కుంచెతో గాడి పోయే దారిలోనే, గుండ్రంగా, నాలుగైదు చుట్లు. అడ్డంగా రుద్దకండి. తర్వాత సబ్బు లేని అవే నీళ్ళతో రెండుసార్లు కడిగి, కళ్ళద్దాలు తుడిచే రకం మెత్తటి గుడ్డతో అద్ది, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడన ఆరనివ్వండి. ఫ్యాను కింద వద్దు, ఆరేలోపే మళ్ళీ దుమ్ము.

78ల మీద స్పిరిట్ చుక్క కూడా పడకూడదు, లక్క కరిగిపోతుంది. ఇది నేను ఎలా నేర్చుకున్నానో అడక్కండి.

కడిగిన ప్లేటుని పాత కాగితం కవరులో తిరిగి పెడితే బూజు మళ్ళీ ఎక్కుతుంది. లోపలి కవరు కొత్తది వెయ్యండి. పాతదాని మీద ఏమైనా రాసి ఉంటే దాన్ని అట్ట వెనక విడిగా దాచుకోండి.

సెట్టు సంగతి

తాతగారి హెచ్‌.ఎం.వి. ఫియెస్టా రికార్డు ప్లేయరు బయటికి తీసి దుమ్ము దులిపి జాజ్ వినాలని ఉంటుంది. ఆ ముచ్చట పాత సినిమా ప్లేటుతో తీర్చుకోండి. దాని ముల్లు బరువు ఎక్కువ, చాలావాటిలో ఆ ముల్లు ఎప్పుడో అరిగి ఉలిలా తయారై ఉంటుంది. పైగా మోనో కాలపు పాత సెట్లలో ముల్లు పక్కలకే కదులుతుంది, పైకీ కిందకీ సరిగ్గా కదలదు. స్టీరియో గాడిలో శబ్దం ఆ రెండు దిక్కుల్లోనూ ఉంటుంది, అలాంటి ముల్లు దాన్ని చెక్కేస్తుంది.

మామూలు కొత్త సెట్టు చాలు. ఆడియో టెక్నికా 3600ఎల్ రకం ముల్లు తగిలించినవి తక్కువ ధరలో వస్తాయి. దానికి రెండున్నర నుంచి మూడున్నర గ్రాముల బరువు ఉండాలి. నగల కొట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు కొని ముల్లు బరువు తూచండి. చాలా సెట్లకి ఇంట్లో ఎవరూ ఒక్కసారి కూడా తూచలేదు. ముల్లు అయిదారు వందల గంటలకి మార్చాలి. సెట్టు పెట్టే బల్లకి తాపీమేస్త్రి దగ్గర రసమట్టం తెచ్చి చూడండి. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టకండి. హూం అని మోత వస్తే ఎర్తు వైరు యాంప్లిఫైయరుకి తగిలించలేదేమో చూడండి.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సెట్టయితే ఒక తిరకాసుంది. వోల్టేజీకి ట్రాన్స్‌ఫార్మరు పెడితే సరిపోతుందనుకుంటారు. అక్కడ కరెంటు 60 హెర్ట్‌జ్, ఇక్కడ 50. మెయిన్స్ మీద నేరుగా నడిచే పాత మోటారైతే 33⅓ బదులు 28 చుట్లు కూడా తిరగదు. ట్రంపెట్ కాస్తా శంఖంలా పలుకుతుంది. అడాప్టరుతో నడిచే డీసీ మోటారుకి ఈ బాధ లేదు. వేగం చూడ్డానికి 180 గీతల కాగితపు చక్రం వేసుకుని పాత చోకు ట్యూబులైటు కింద తిప్పండి. గీతలు నిలబడ్డట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఎల్‌ఈడీ బల్బు కింద చాలావరకు పని చెయ్యదు. కరెంటు పోతే ముందు ముల్లున్న సెట్టు చేతిని ప్లేటు మీంచి ఎత్తెయ్యండి, ప్లేటు ఆగేదాకా చూస్తూ కూర్చోకండి.

వినడం

రోజుకి ఒక వైపు. ఇరవై నిమిషాలు. రెండో వైపు మర్నాడు. కొన్నవి కుప్ప పోసుకుని వరసగా వేస్తే మూడోరోజుకి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఫ్యాను ఆపి, వీధిలో మోటార్ల మోత తగ్గాక కూర్చోండి.

మన చెవికి జాజ్ అంత కొత్తేం కాదు. ముందు ఒక పల్లవి లాంటిది అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత దాని తాళం చుట్టునే పట్టుకుని ఒక్కొక్కరూ కల్పన చేస్తారు. ఆఖర్న మళ్ళీ అందరూ పల్లవికి వస్తారు. మధ్యలో డ్రమ్ముకీ మిగతావాళ్ళకీ నాలుగేసి లెక్కలు (ఒక్కో లెక్క నాలుగు అక్షరాలు) పంచుకోవడం ఉంటుంది, తని ఆవర్తనంలో మృదంగం, ఘటం పంచుకున్నట్టు. తేడా ఎక్కడంటే, మనం సమం మీద చరుస్తాం, వాళ్ళు నాలుగు అక్షరాల్లో రెండోదాని మీదా నాలుగోదాని మీదా చిటిక వేస్తారు. మొదటి వారం అంతా అలా చిటిక వెయ్యడమే అభ్యాసం చెయ్యండి. అది చేతికొస్తే ఊపు వచ్చేసినట్టే.

మొదటి ప్లేటు ఏదని అడిగితే ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ చేసిన కైండ్ ఆఫ్ బ్లూ. 1959లో రెండు రోజుల్లో రికార్డు చేశారు, మార్చి 2న, ఏప్రిల్ 22న. అందరూ ఇదే చెబుతారని విసుక్కోకండి, కర్ణాటక సంగీతం చెవిలో ఉన్నవాళ్ళకి దీన్ని మించిన తలుపు లేదు. మొదటి పాటలో బాస్ ఒక ప్రశ్న వేస్తుంది, మిగతావాళ్ళు రెండు స్వరాలతో జవాబిస్తారు. ఆ స్వరస్థానాలు సరిగ్గా ఖరహరప్రియ రాగానివి. గమకం లేదు కనుక వెంటనే పోల్చుకోలేరు. శ్రుతి పెట్టెలో వాళ్ళ షడ్జం పెట్టుకుని ఆరోహణ పాడుకుంటే తెలిసిపోతుంది. నాలుగు అక్షరాల చొప్పున 16 లెక్కలు అలా సాగాక, షడ్జమే అర స్వరం పైకి జరుగుతుంది, 8 లెక్కలు. మళ్ళీ కిందికి వచ్చి 8. మొత్తం 32, ఆది తాళంలో వేసుకుంటే 16 ఆవర్తాలు. ఆ పైకి జరిగే చోటుని వేళ్ళ మీద పట్టుకోగలిగిన రోజున నేను కుర్చీలోంచి లేచి ఎవరికి చెప్పాలో తెలీక వంటింట్లోకి వెళ్ళాను.

శ్రుతి పెట్టె అంటే గుర్తొచ్చింది. ఈ ప్లేటు పాత అచ్చుల్లో మొదటి వైపు శ్రుతి కాస్త ఎక్కువగా ఉంటుంది. మార్చి 2న టేపు మిషను కొంచెం నెమ్మదిగా తిరిగింది, సరైన వేగంలో వినిపించేసరికి పాట ఎక్కింది. 1990లలో దిద్దారు. మీ సెట్టు వేగం తప్పిందని మెకానిక్కుని పిలవకండి.

ఆ వైపే రెండో పాట 12 లెక్కల బ్లూస్, అంటే 12 లెక్కల చుట్టు తిరిగి తిరిగి వచ్చే పాట. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది, ఆరు ఆది తాళాలు. బ్లూస్ చుట్టు ఒకటి చెవికెక్కితే జాజ్‌లో సగం పాటలు ఇంటి మనుషుల్లా అనిపిస్తాయి. తర్వాత డేవ్ బ్రూబెక్ టైమ్ అవుట్ వెయ్యండి, అది కూడా 1959దే. అందులో అందరికీ తెలిసిన టేక్ ఫైవ్ అయిదు అక్షరాల పాట. మన ఖండ చాపు రెండు, మూడుగా నడుస్తుంది. ఇది మూడు, రెండుగా నడుస్తుంది. తిరగేసి చేత్తో వేసుకోండి, తమాషాగా ఉంటుంది.

అదే వైపుని మూడుసార్లు మూడు రకాలుగా వినండి. ఒకసారి బాస్ ఒక్కదాన్నే పట్టుకుని, ఒకసారి డ్రమ్ములో కంచు తాళాన్ని, ఒకసారి వెనకాల పియానోవాడు ఎక్కడ మౌనంగా ఉంటాడో. కల్పన చేసేవాణ్ణి వినడం అందరికీ వచ్చు.

ఇక్కడే తర్వాత ఏం కొనాలో కూడా తెలుస్తుంది. అట్ట వెనక పక్కవాద్యాల వాళ్ళ పేర్లు చదవండి. ఫలానా మృదంగం ఉందంటే కచేరీకి వెళ్ళే పెద్దవాళ్ళు మన ఊళ్ళల్లో లేరూ? అలాగే. కైండ్ ఆఫ్ బ్లూలో బాస్ వాయించిన పాల్ ఛాంబర్స్, శాక్సఫోను విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ చేసిన బ్లూ ట్రెయిన్‌లోనూ జెయింట్ స్టెప్స్‌లోనూ ఉన్నాడు. ఎప్పుడూ వినని అట్ట మీద అతని పేరు కనిపిస్తే నేను కొనేస్తాను. ఇంతవరకూ రెండుసార్లే నష్టపోయాను.

ఇంట్లో "ఆ గోలేంటి, మన సంగీతం కాదుగా" అంటే పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ రిమెంబర్ శక్తి బృందంలో జాజ్ విద్వాంసుడు జాన్ మెక్‌లాగ్లిన్ గిటారు పక్కన వాయించాడని చెప్పండి. మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

దాచడం

నిలబెట్టి పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. బీరువా గోడకి ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి, వానాకాలంలో గోడ చెమ్మ దిగుతుంది, చెదలూ అటునుంచే వస్తాయి. ప్లేట్లకి అంటుకునే మెత్తటి పాత ప్లాస్టిక్ కవర్లు తీసెయ్యండి. కలరా ఉండలు నేను పెట్టను, ఆ వాసన అట్టలకి పట్టిందంటే ఏళ్ళ తరబడి పోదు. సిలికా జెల్ పొట్లాలు చాలు. భాద్రపదం దాటాక ఒక ఎండ పూట అట్టలన్నీ బయటికి తీసి నీడలో గాలికి ఆరబెట్టండి.

అట్టలు రెండు వైపులా, లేబుళ్ళు కూడా ఇప్పుడే ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి. తుఫాను హెచ్చరిక రాగానే కింది అరలు ఖాళీ చేసి అటక ఎక్కించండి. ఒకవేళ నీళ్ళు వచ్చి తడిస్తే బురద ఆరేదాకా ఆగకండి. తడిగా ఉన్నప్పుడే అట్ట చింపైనా సరే ప్లేటు బయటికి తీసి, దొరికిన మంచినీళ్ళలో ముంచి తేల్చండి, రుద్దకండి. బ్యాటరీ నీళ్ళ కడుగు తర్వాత చూసుకోవచ్చు. అట్ట పోతుంది, ఫోటో ఉంది కదా.